ఆర్డ్‌మోర్ వీధిలో ఆ ఇల్లు

అమెరికాలో ఒహాయో అనే రాష్ట్రం ఉంది. అందులో ఆక్రన్ ఒక పట్టణం. గ్రీకులో ఆ మాటకు ఎత్తయిన చోటు, కొన, మొన అని అర్థాలు. హెబ్రీ పత్రికలో పితరుడైన యాకోబు తన చేతికర్ర మొన మీద ఆనుకొన్న సంగతి చెప్పేచోట గ్రీకు ప్రతిలో ఉన్నది ఈ మాటే. మన పల్లెల్లో ట్రాక్టరు, లారీ నడిపేవారికి ఈ ఊరి పేరు తెలియకపోవచ్చు గాని, ఈ ఊరి సరుకు పేర్లు బాగా తెలుసు. గుడ్‌ఇయర్ కంపెనీ 1898లో ఇక్కడే మొదలైంది. ఫైర్‌స్టోన్ కూడా ఈ ఊరిదే. ఒకప్పుడు ప్రపంచానికి రబ్బరు రాజధాని అని దీన్ని పిలిచేవారు. ఇప్పుడు ఆ పాత టైరు ఫ్యాక్టరీలు చాలా మటుకు మూతపడ్డాయి.

క్లీవ్‌లండ్‌లో నర్సుగా పనిచేస్తున్న మా అక్క కూతురి ఇంటికి వెళ్ళినప్పుడు నేను ఆక్రన్ చూశాను. అక్కడి నుండి కారులో గంట లోపు ప్రయాణమే. "మావయ్యా, అందరూ నయాగరా చూపించమంటారు, మీరేంటి ఆక్రన్ అంటారు? అక్కడేముంది?" అని నవ్వింది. అక్కడ చూడవలసింది ఒక మామూలు ఇల్లు, ఒక పాత హోటలు భవనం, ఒక ఆసుపత్రి, ఒక సమాధి. నయాగరా తర్వాత చూడవచ్చునన్నాను.

నాకు ఆ తొందర ఎందుకంటే, మా సంఘంలో లారీ నడిపే సహోదరుడొకడున్నాడు. పేరు అనవసరం. పదిహేనేళ్ళ తాగుడు. చివరి మూడేళ్ళు ప్రొద్దున్నే ఒక క్వార్టరు పడితే గాని అతని చేతులు నిలిచేవి కావు. నేను విమానం ఎక్కడానికి తొమ్మిది రోజుల ముందు మానేశాడు. మొదటి రోజు ఒణుకు, చెమటలు. రెండో రాత్రి కునుకు లేదు. మూడో రాత్రి గోడల నిండా పురుగులు పాకుతున్నాయని, ఎవరో తలుపు కొడుతున్నారని కేకలు పెట్టాడు. ఇరుగుపొరుగు వారు దయ్యం పట్టిందన్నారు. కొందరు నూనె తెమ్మన్నారు. అతని భార్య ఏడో తరగతి వరకే చదివింది గాని ధైర్యం గల మనిషి. "ప్రార్థన బండిలో కూడా చేసుకోవచ్చు" అని 108కి ఫోను చేసి జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆ రాత్రి అతని ప్రాణం ఆమె వల్ల నిలిచింది.

ఈ సంగతి మన కుటుంబాలు తెలుసుకోవాలి గనుక ఇక్కడే చెబుతాను. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే, ఆరు నుండి ఎనిమిది గంటల్లో ఒణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండో రోజు నుండి నాలుగో రోజు దాకా మతి తప్పడం, లేనివి కనబడటం, జ్వరం, గుండెదడ రావచ్చు. వైద్యం అందకపోతే దీనితో మనుష్యులు చనిపోతారు కూడా. ఇది దయ్యం కాదు, పిరికితనం కాదు. మద్యానికి అలవాటుపడిన మెదడు అది లేక అదుపు తప్పడమే. ఆసుపత్రిలో దీనిని నెమ్మదింపజేసే మందులున్నాయి. వాటిని డాక్టరు చూస్తుండగా వాడాలి గాని మందుల షాపులో కొని ఇంట్లో మింగించకూడదు. ఇంకొక్క మాట. మన ఊళ్ళల్లో నీరసం అనగానే గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తారు. బాగా తాగేవారి ఒంట్లో బి-1 విటమిన్, అంటే థయామిన్, కరువై ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు హాని జరగవచ్చు. కనుక బాటిల్ పెట్టేవారెవరైనా సరే, ఇతడు తాగేవాడని ముందే దాచకుండా చెప్పండి. పరువు సంగతి తర్వాత.

ఇక ఆక్రన్ సంగతి.

ఊరి నడిబొడ్డున మేఫ్లవర్ హోటలు అని ఒక ఎత్తయిన భవనం ఉంది. అది హోటలుగా మూతపడి చాలాకాలమైంది. 1935 మే నెలలో ఒక శనివారం ఆ హోటలు హాలులో బిల్ విల్సన్ అనే న్యూయార్కు మనిషి అటూ ఇటూ తిరుగుతున్నాడు. షేర్ల వ్యాపారం చేసేవాడు. ఏదో కంపెనీ వ్యవహారం మీద వచ్చాడు, అది చెడిపోయింది. చేతిలో డబ్బు లేదు, ఊరిలో తెలిసినవారు లేరు. అతడు తాగుడు మాని అప్పటికి ఐదు నెలలే అయింది. ఆ హాలుకు ఒక కొసన బారు ఉంది; లోపలి నవ్వులు బయటికి వినబడుతున్నాయి. రెండో కొసన టెలిఫోను, దాని ప్రక్కన ఊరిలోని సంఘాల పేర్లున్న పట్టిక ఉన్నాయి.

అతడు ఫోను వైపు నడిచాడు. పట్టికలో చూసి వాల్టర్ టంక్స్ అనే ఎపిస్కోపల్ సంఘ కాపరికి ఫోను చేశాడు. నాకు డబ్బు కావాలని గాని, బస కావాలని గాని అడగలేదు. ఈ ఊరిలో మరొక తాగుబోతు ఎవరైనా ఉంటే చెప్పండి, అతనితో మాట్లాడాలి అని అడిగాడు! మనలో ఎవరికైనా శనివారం సాయంత్రం, రేపటి ప్రసంగం సిద్ధం చేసుకుంటున్న వేళ, అలాంటి ఫోను వస్తే ఏమంటామో ఆలోచించండి. టంక్స్‌గారు ఫోను పెట్టేయలేదు. కొన్ని పేర్లు ఇచ్చారు. ఒకరు ఊరిలో లేరు, ఒకరికి తీరిక లేదు. అలా తిరిగి తిరిగి చివరికి హెన్రియెటా సైబర్లింగ్ అనే సహోదరికి ఫోను అందింది. గుడ్‌ఇయర్ స్థాపకుని కోడలు ఆమె. తాగుడు మానలేక బాధపడుతున్న ఒక డాక్టరు కోసం ఆమె, ఆమెతో కూడిన ప్రార్థన గుంపువారు అప్పటికే ప్రార్థిస్తున్నారు.

ఆ డాక్టరు పేరు రాబర్ట్ స్మిత్. అందరూ డాక్టర్ బాబ్ అంటారు. వెర్మాంట్ రాష్ట్రంలో 1879లో పుట్టాడు, శస్త్రచికిత్సలు చేసేవాడు. హెన్రియెటా ఫోను చేసిన సమయానికి ఆయన మర్నాటి మాతృదినం కోసం భార్యకు ఒక పూలకుండీ తెచ్చి, తాను మాత్రం మత్తులో పడి ఉన్నాడు. మరునాడు, మే 12, ఆదివారం సాయంత్రం ఐదింటికి భార్య ఆన్ ఆయనను తీసుకొని వచ్చింది. పదిహేను నిమిషాలకు మించి కూర్చోనని ముందే షరతు పెట్టాడట. రాత్రి పదకొండు దాటాక గాని లేవలేదు.

వారు కూర్చున్న చోటు ఇప్పటికీ ఉంది. స్టాన్ హైవెట్ అనే పెద్ద భవంతి గేటు దగ్గరి కాపలా ఇల్లు అది. లోపల చిన్న గదులు. మా అక్క కూతురు ఆ గదిలో నిలబడి, "మావయ్యా, ఇంత చిన్న గదిలోనా?" అంది. నిజమే, మన ప్రార్థన మందిరాల్లోని వెస్ట్రీ గది పాటిది.

ఆ ఆరు గంటల్లో ఏం జరిగిందన్నదే నాకు ముఖ్యమనిపించింది. డాక్టర్ బాబ్‌కు ఉపదేశాలు కొత్త కాదు. రెండేళ్ళకు పైగా ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ సహవాసపు కూడికలకు వెళ్తున్నాడు, వాక్యం చదువుతున్నాడు, అయినా తాగుతున్నాడు. బిల్ కూడా అప్పటిదాకా న్యూయార్కులో కనబడిన ప్రతి తాగుబోతుకూ ప్రసంగాలు చేశాడు. ఒక్కడు కూడా మానలేదు. అతనికి వైద్యం చేసిన డాక్టర్ సిల్క్‌వర్త్ ఒక సలహా ఇచ్చాడు. ముందు ప్రసంగం మాను, ఈ వ్యాధి ఎంత భయంకరమైనదో ఒక రోగి మరొక రోగికి చెప్పినట్టు చెప్పు అని. ఆ రాత్రి బిల్ అలాగే చేశాడు. తన కథ చెప్పాడు. నీకు సహాయం చేయడానికి కాదు, నేను తాగకుండా ఉండడానికి నాకు నీవు కావాలి అన్నాడు. డాక్టర్ బాబ్ మనసును ఇది పట్టుకుంది. మంచివాళ్ళు ఆయనతో చాలామంది మాట్లాడారు గాని, ఆయన జబ్బే ఉన్నవాడు, ఆయన అవసరం ఉన్నవాడు అంతకుముందు రాలేదు.

ఆక్స్‌ఫర్డ్ గ్రూపును మొదలుపెట్టిన ఫ్రాంక్ బుక్‌మన్ పెన్సిల్వేనియాకు చెందిన లూథరన్ కాపరి. 1842లో గుంటూరుకు వచ్చిన హయ్యర్ దొరగారిని పంపిన పెద్దలు కూడా ఆ పెన్సిల్వేనియా వారే. దీనికీ దానికీ నేరుగా సంబంధం లేదు గాని, చదువుతున్నప్పుడు నాకు మన గుంటూరు గుర్తుకొచ్చింది, రాశాను.

ఇక ఆర్డ్‌మోర్ వీధి. ఇంటి నంబరు 855. రెండంతస్తుల మామూలు ఇల్లు, ముందు వరండా. ఈ ఇంటిని 2012లో ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. లోపలికి వెళ్ళగానే స్వంత ఇంటికి వచ్చినట్టు పలకరించి కాఫీ ఇస్తారు. అక్కడ సేవ చేసేవారిలో చాలామంది ఒకప్పుడు తాగి మానినవారే.

1935 వేసవి అంతా బిల్ ఈ ఇంట్లోనే ఉన్నాడు. ఉదయమే ఆన్ స్మిత్ బైబిలు చదివేది. యాకోబు పత్రిక ఆమెకు మరీ ఇష్టం. కొండమీది ప్రసంగం, మొదటి కొరింథీ పదమూడో అధ్యాయం కూడా వారు మాటిమాటికీ చదివేవారు. అయితే మొదటి దారి సాఫీగా సాగలేదు. జూన్ మొదట్లో డాక్టర్ బాబ్ వైద్యుల మహాసభకని అట్లాంటిక్ సిటీకి వెళ్ళి, రైలెక్కింది మొదలు తాగి, ఒళ్ళు తెలియకుండా తిరిగివచ్చాడు. ఆన్, బిల్ ఆయనను వెళ్ళగొట్టలేదు, కోపపడలేదు. పడుకోబెట్టారు. పులియబెట్టిన క్యాబేజీ, టమాటాలు, మొక్కజొన్న పాకం తినిపించారు. మూడు రోజుల తర్వాత ఆయన ఒక ఆపరేషను చేయవలసి ఉంది. చేతులు ఒణుకుతున్నాయి. ఆ ఉదయం చేతులు నిలవడానికి బిల్ ఆయనకు ఒక బీరు సీసా ఇచ్చాడు. అదే ఆయన తాగిన చివరి చుక్క. 1935 జూన్ 10గా చెబుతారు. ఆ రోజునే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే పేరు బయటపెట్టని తాగుబోతుల సహవాసం పుట్టిన రోజుగా లెక్కిస్తారు. మనవాళ్ళు ఏ.ఏ. అంటారు.

ఆపరేషను అయింది. సాయంత్రమైనా డాక్టర్ బాబ్ ఇంటికి రాలేదు. ఆన్, బిల్ భయపడుతూ కూర్చున్నారు. ఆయన ఎక్కడో తాగడానికి పోలేదు. తాను అప్పుపడినవారి, నొప్పించినవారి ఇళ్ళకు వెళ్ళి సమాధానపడి వస్తున్నాడు.

ఆ నెలలోనే వారిద్దరూ ఊరి ఆసుపత్రిలో మంచానికి కట్టేసి ఉన్న ఒక లాయరు దగ్గరికి వెళ్ళారు. నర్సులను కొట్టాడని కట్టేశారు. వారిద్దరూ మంచం ప్రక్క కూర్చొని తమ కథలు చెప్పారు. జూలై 4న అతడు ఆసుపత్రి నుండి నడిచి వెళ్ళాడు. మళ్ళీ ముట్టలేదు. అతడు మూడోవాడు.

ఆ ఇంటి వంటగదిలో బల్ల దగ్గర కూర్చొని కాఫీ తాగుతుండగా, అక్కడ సేవ చేసే ఒక పెద్దాయనకు మా లారీ డ్రైవరు సంగతి చెప్పాను. ఆయన టైరు ఫ్యాక్టరీలో పనిచేసి విరమించినవాడు, తాగుడు మాని ఇరవై రెండేళ్ళయిందట. అతడు ఎంత తాగేవాడని అడగలేదు. ఏ మిషను అని అడగలేదు.

"ఈ రాత్రి అతని దగ్గర ఎవరు కూర్చుంటున్నారు?" అన్నాడు.

"అతని భార్య."

"ఆమె సరే. తాగి మానినవాడు ఎవరు?"

నాకు వెంటనే ఒకాయన గుర్తొచ్చాడు. మా ఊరి తాపీమేస్త్రి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు సారాకు ఎదురు నిలిచిన తర్వాత, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చాయి గదా. అప్పుడు మానేశాడు. 1997లో దుకాణాలు మళ్ళీ తెరిచారు గాని ఆయన ముట్టలేదు. దుకాణం మూయించడం గొప్ప పనే, ఆ తల్లుల మేలు మరువలేము. అయితే దుకాణం మూసిన రోజున ఒణుకుతున్న మనిషి ప్రక్కన కూర్చోవడం వేరొక పని. అది ప్రభుత్వం చేసేది కాదు. ఆ మేస్త్రి మా సంఘం వాడు కాదు, రోడ్డు అవతలి పెంతెకొస్తు మందిరానికి వెళ్తాడు. ఆ వంటగదిలో నుండే మా పెద్దకు ఫోను చేశాను. అప్పటికి మన దేశంలో రాత్రి ఎనిమిదిన్నర.

ఫోను పెట్టాక ఆ పెద్దాయన మరికొన్ని సంగతులు చెప్పాడు. మొదటి వారాల్లో జీవితాంతం తాగనని ఒట్టు వేయించవద్దట. ఈ రోజు పడుకునే దాకా తాగకపోతే చాలట, రేపటిది రేపు. కొత్తవాడు మొదటి తొంభై రోజులు రోజుకొక కూడికకు వెళ్ళడం వారిలో ఆనవాయితీ. ఆకలి వేయనివ్వకూడదు, ఒంటరిగా వదలకూడదు. మనసు లాగినప్పుడు తీపి ఏదైనా నోట్లో వేసుకోవాలి. మన దగ్గర బెల్లం ముక్క ఉందిగా అనుకున్నాను. జేబులో నలుగురి ఫోను నంబర్లు ఉండాలి. తాగాక కాదు, తాగక ముందు ఫోను చేయాలి. పడిపోతే ఇంటి తలుపు మూయకూడదు, అలాగని అతని అప్పులు, అబద్ధాలు ఇంటివారు మోయకూడదు. ఇంటివారికోసం బిల్ భార్య లోయిస్ 1951లో అల్-ఆనన్ అని వేరే సహవాసం మొదలుపెట్టింది. తాగేవాడు మానినా మానకపోయినా భార్యాబిడ్డలు తమ భారం దించుకొనే చోటది.

ఒక సంగతి మాత్రం ఆ పెద్దాయన నన్నే అడిగాడు. మీ సంఘంలో ప్రభువు బల్లలో ఇచ్చేది ద్రాక్షారసమా, వైనా? మాది కాచి చల్లార్చిన ద్రాక్షపండ్ల రసం. నిజమైన వైను వాడే సంఘాలూ మనలో ఉన్నాయి. అక్కడి కాపరులు కొత్తగా మానినవారితో ముందే మాట్లాడితే మంచిది. దగ్గు మందుల్లో, టానిక్కుల్లో కూడా ఆల్కహాలు ఉంటుంది, సీసా మీద చూసుకోవాలి. పెండ్లి విందులు, దినాలు, ఎన్నికల రోజులు ఎంత గండమో పల్లెలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

సెయింట్ థామస్ ఆసుపత్రి చివర చూశాం. ఆ రోజుల్లో తాగుబోతులను చాలా ఆసుపత్రులు చేర్చుకొనేవి కావు. అక్కడ చేర్పుల బల్ల దగ్గర ఐర్లండులో పుట్టిన సిస్టర్ ఇగ్నేషియా అనే సన్నని కన్య ఉండేది. 1939 ఆగస్టులో డాక్టర్ బాబ్ తెచ్చిన రోగిని వేరే జబ్బు పేరు రాసి చేర్చుకొంది. చోటు లేక పూలు సర్దే చిన్న గదిలో మంచం వేయించింది. అప్పటి నుండి 1950లో డాక్టర్ బాబ్ చనిపోయే దాకా వారిద్దరూ సుమారు ఐదు వేల మందికి సేవ చేశారు. ఆయన ఎవరి దగ్గరా రుసుము తీసుకోలేదు. ఇంటికి వెళ్ళే ప్రతి రోగికి సిస్టరు ఒక చిన్న బ్యాడ్జి ఇచ్చి, తాగాలనిపిస్తే ముందు ఇది తెచ్చి నాకు తిరిగి ఇచ్చి, ఆ తర్వాత తాగు అనేదట.

డాక్టర్ బాబ్, ఆన్‌ల సమాధి మౌంట్ పీస్ శ్మశానంలో ఉంది. సాదా రాయి. పేర్లు, సంవత్సరాలే గాని ఆయన చేసిన పని గురించి ఒక్క అక్షరం లేదు. దాని మీద నాణెంలాంటి బిళ్ళలు పెట్టి ఉన్నాయి. మానిన రోజులను లెక్కిస్తూ ఆ సహవాసంలో ఇచ్చే బిళ్ళలవి. ఎక్కడెక్కడివారో తెచ్చి అక్కడ పెట్టిపోతారు.

ఏ.ఏ. మన దేశానికి 1957లో వచ్చింది. హైదరాబాదులోను, మరికొన్ని పట్టణాల్లోను కూడికలు జరుగుతున్నాయి. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు, మతం అడగరు. మద్రాసులో శాంతి రంగనాథన్‌గారు తాగుడు వల్ల భర్తను పోగొట్టుకొని 1980లో స్థాపించిన టి.టి.కె. ఆసుపత్రి ఉంది. ఏ దారీ తెలియని వారు 14446 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. అది మత్తు అలవాట్ల నుండి బయటపడదలచినవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడుపుతున్నది.

మేస్త్రిగారు ఆ రాత్రే వెళ్ళారు. "నాకు చదువు రాదు, అతనికేం చెప్పను?" అన్నారట. మీరెలా మానారో అదే చెప్పండి అన్నాడట మా పెద్ద. ఫ్లాస్కు నిండా టీ తీసుకొని సైకిలు మీద వెళ్ళి తెల్లవారుజామున వచ్చారు. నేను తిరిగి వచ్చేసరికి వంతులు వేసుకొన్నారు. సోమ, గురువారాలు మేస్త్రిగారు. మంగళవారం లారీ డ్రైవరు బావమరిది. శుక్రవారం, శనివారం మా పెద్దలిద్దరు. ఆదివారం నేను. బుధవారానికి ఎవరూ దొరకక, ఆ రాత్రి అతనినే మేస్త్రిగారింటికి పంపుతున్నారు. అక్కడ ఇప్పుడు ఇంకొక కుర్రవాడు కూడా వచ్చి కూర్చుంటున్నాడు, మానేసి ఐదు రోజులయిందట. వాడికి టీ కలిపి ఇచ్చేది మా లారీ డ్రైవరే.